మంచుదేశంలో మనోళ్లు

నిన్న పొద్దున వైరాలో మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఇడ్లీ తింటుంటే, తెర అడుగున పరిగెత్తే అక్షరాల్లో ఐస్‌లాండ్ అన్న పేరు కనబడింది. ఐరోపా దేశాల కూటమిలో చేరే చర్చలు మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అని ఆ దేశం తన జనాన్నే అడగబోతోందట. ఆ వార్తకూ నాకూ ఏ సంబంధమూ లేదు. అయినా ఇడ్లీ పక్కన పెట్టి ఫోన్ వైపు చూశాను. ఆయన ఉండి ఉంటే ఈపాటికి నా ఫోన్ మోగేది. "చూసినవా అమ్మా, మనోళ్లు అడుగుతున్నరు" అనేవారు.

భద్రాచలంలో నేను కిరాయికున్న ఇంటి ఓనరు ఆయన. కాగితం మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. ఇక "మనోళ్లు" అంటే ఆయన చుట్టాలూ కాదు, చర్చివాళ్లూ కాదు. ఐస్‌లాండ్‌లో ఒక చిన్న రాజకీయ పార్టీ. తలుపులు తెరిచి ఉంచాలి, వ్యాపారం స్వేచ్ఛగా సాగాలి, ఎవరి బతుకు వాళ్లని బతకనివ్వాలి, ఐరోపాతో కలిసి నడవాలి అని నమ్మే ఉదారవాదుల పార్టీ. ఆ దేశం జనం మొత్తం వచ్చినా మన ఖమ్మం జిల్లాలో ఒక మూలన సర్దుకుంటారు. అందులో ఈ పార్టీకి ఓటేసేవాళ్లు ఇంకెందరని. అంతమందిలో భద్రాచలం నుంచి ఒక్కడు కూడా ఉన్నాడని వాళ్లకెలా తెలుస్తుంది?

ఈ చుట్టరికం ఎలా కలిసిందంటే, ఒక శ్రీరామనవమికి. కల్యాణం జనంతో లాడ్జీలన్నీ నిండిపోయి, పాపికొండలు చూద్దామని వచ్చిన ఒక తెల్లజంట బస్టాండులో పెట్టెల మీద కూర్చుని ఉంటే, ఆయన ఇంటికి తీసుకొచ్చేశారు. మిషన్ బడిలో నేర్చిన ఇంగ్లీషు ఆయనది. ఆ అమ్మాయి ఆ పార్టీ కార్యకర్త. ఉన్నంతసేపూ వాకిట్లో కూర్చుని, ఎండ మాడుస్తుంటే, నారింజ రంగు ఉన్నితో మఫ్లర్ అల్లుతూ తమ పార్టీ కథ చెప్పిందట. కూటమిలో చేరే సంగతి జనాన్ని అడుగుతామని మాటిచ్చిన పెద్దలు అడగకుండానే ఊరుకున్నారట. అది నచ్చని కొందరు బయటికొచ్చి సొంత పార్టీ పెట్టుకున్నారట. అది వాళ్ల పార్టీ రంగేనట. వెళ్లేటప్పుడు మఫ్లర్ ఆయన మెడలో వేసి వెళ్లింది.

"అడుగలేదని పార్టీ పెట్టిండ్రమ్మా" అని ఆయన నాకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పారో. "రోడ్డు ఎయ్యలేదని కాదు, పింఛను ఇయ్యలేదని కాదు. అడుగలేదని. గిసుంటి పార్టీ యాడన్న ఉంటదా?"

ఆయన అంతలా కరిగిపోవడానికి కారణం వేరే ఉంది. రాష్ట్రం రెండైనప్పుడు భద్రాచలం ఈ పక్కన ఉండిపోయింది, చుట్టూ ఉన్న ఊళ్లు ఆ పక్కకు పోయాయి. మా వీధి దాటి కాస్త నడిస్తే ఇంకో రాష్ట్రం. సరిహద్దు గీత జరిగిందిగానీ యాస జరగలేదు, చుట్టరికాలూ జరగలేదు. ఆయన నాన్నగారి సమాధి మాత్రం ఆ పక్కకు పోయింది. గీత అవతల ఆయన పుట్టి పెరిగిన ఊరి చర్చి వెనక, క్రైస్తవులు తమవాళ్లను పెట్టుకునే సమాధుల తోటలో ఉంది అది. దాని పక్కనే మనిషి పట్టేంత ఖాళీ నేల. అందులో తనను పెట్టాలని ఆయన కోరిక. ఆ ఊరి చర్చి కమిటీ మాత్రం ఒక పూట కూర్చుని, జాగా చాలడం లేదు గనక ఇకనుంచి మా ఊరివాళ్లకే అని తేల్చేసింది.

"అడిగిండ్రా?" అన్నది అప్పటినుంచీ ఆయన ఊతపదం. కరెంటు పోతే అడిగిండ్రా, బస్సు టైము మారితే అడిగిండ్రా. టీలో చక్కెర తగ్గినా వాళ్లావిడ, అంటే మా ఆంటీ వైపు చూసి అదే మాట. ఆంటీది బోనకల్. మిర్చి తోటల మధ్య పెరిగిన మనిషి, మాటలోనూ ఆ ఘాటు కొంచెం ఉండేది. "నీ షుగరు నన్నడిగి వచ్చిందా?" అనేది.

ఆ ఇంట్లో మూడు పోర్షన్లు. ఒకటి వాళ్లది, ఒకటి బస్సు కండక్టరు కుటుంబానిది, ఒకటి నాది. నేను అక్కడి ఒక ప్రైవేటు కాలేజీలో సివిక్స్ చెప్పేదాన్ని. ఆ సంగతి తెలిసిన రోజే నన్ను ఎలక్షన్ కమిషన్‌గా నియమించేశారు. మిగతా ఓనర్లు కిరాయి గురించి మాట్లాడతారు, ఈయన నీళ్ల మోటారు పొద్దున వేయాలా, సాయంత్రం వేయాలా అని వాకిట్లో ఓటింగు పెట్టేవారు. నేను చేతులు లెక్కపెట్టాలి. కాలేజీకి టైమవుతున్నా సరే. ఒకసారి విసుగొచ్చి, "ఓనరు మీరు, మీకు నచ్చినప్పుడు వేయండి అంకుల్" అన్నాను. నేనేదో బూతు మాట్లాడినట్టు చూశారు.

ఆయన ఓటింగుకు రెండు నియమాలుండేవి. అందరి చేతులూ లేస్తే ఆ ఓటు చెల్లదు. "అందరు ఎత్తిండ్రంటే ఎవడో భయపడ్డడని లెక్క" అనేవారు. కాబట్టి ఒక్కరైనా వ్యతిరేకం ఉండాలి. రెండోది, ఆ వ్యతిరేకమన్న మనిషిని ఎందుకు అని అడిగి, చెప్పేది పూర్తిగా విన్నాకే ఫలితం ప్రకటించాలి. దీనితో కండక్టరుగారికి పెద్ద చిక్కు వచ్చిపడింది. డ్యూటీ దిగి లుంగీ కట్టుకుని వాకిట్లోకి వచ్చి, "అంకుల్, ఇయ్యాల వ్యతిరేకం నా వంతేనా?" అని అడిగేవాడు. అవునంటే పాపం ఆలోచించి ఏదో ఒక కారణం వెతుక్కునేవాడు. ఒకసారి, "పొద్దుగాల మోటరు సప్పుడుకు మా మామ గుర్తొస్తున్నడు" అన్నాడు. ఆయన దాన్ని కూడా గౌరవంగా విన్నారు.

ఓటు వేయనిది ఆంటీ ఒక్కతే. నేనున్న అన్నేళ్లలో ఆమె చెయ్యి లేవగా చూడలేదు. ఆయన బతిమాలేవారు. "ఒక్కసారి చెయ్యెత్తవే. అటో ఇటో. నీ ఇష్టం."

"చేతిల గరిటె ఉంది" అనేది ఆమె.

"గరిటెతోనే ఎత్తు."

"నీళ్లకు ఓట్లేంది, పప్పుకు ఓట్లేంది. నన్ను ఇడిసిపెట్టు." అని లోపలికి పోయేది. కమిషన్ హోదాలో నేను ఆమెను ప్రతిసారీ గైర్హాజరు కింద రాసుకునేదాన్ని, మనసులోనే.

మఫ్లర్ సంగతి చెప్పకపోతే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే. ఐస్‌లాండ్‌లో ఏ ఎన్నిక జరిగినా ఆయన ఆ నారింజ మఫ్లర్ మెడలో చుట్టుకుని గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఒక ఏడు అక్కడ మున్సిపాలిటీ ఎన్నికలు మన మే నెలలో వచ్చాయి. మే నెలలో భద్రాచలం అంటే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తారు రోడ్డు మీద చెప్పు అంటుకుంటుంది. ఆ ఎండలో ఉన్ని మఫ్లర్. పైగా అది హనుమాన్ దీక్షల కాలం. ఊరి నిండా కాషాయం బట్టల స్వాములే. దారిన పోయే స్వాముల గుంపొకటి ఈయన్ని చూసి ఆగింది.

"స్వామీ, మీది ఏ ఊరి పీఠం?"

"నాది గీ ఇల్లే" అన్నారు ఆయన మర్యాదగా. "అక్కడ ఓట్లు లెక్కపెడుతున్నరు."

"ఎక్కడ స్వామీ?"

"ఐస్‌లాండుల."

స్వాములు ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్లలో చిన్నవాడు ఎందుకైనా మంచిదని ఆయన కాళ్లకు దండం కూడా పెట్టాడు. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి కోడికూర వాసన వచ్చింది. ఆంటీ ఆదివారం వంట. స్వాముల ముఖాలు ఎలా మారాయో నేను కిటికీలోంచి చూశాను. "గిదేం దీక్ష స్వామీ?" అని పెద్ద స్వామి మెల్లగా అడిగాడు. ఆయన కుర్చీలు తెప్పించి, మజ్జిగ ఇప్పించి, ఆ చిన్న పార్టీ చరిత్ర మొత్తం వాళ్లకు చెప్పి పంపారు. పోయేటప్పుడు ఆ పెద్ద స్వామి, "మంచిగనే ఉంది స్వామీ, అడుగుడైతే మంచిదే" అన్నాడు.

కబురు మాత్రం ఇంకో రకంగా పాకింది. సాయంత్రానికి ఈ పక్క చర్చి పాస్టరుగారు వచ్చారు. టీ తాగారు, వాతావరణం గురించి మాట్లాడారు, చివరికి గొంతు సవరించుకుని, "ఇంట్లో ఏమన్న ఇబ్బందా అమ్మా?" అని ఆంటీని అడిగారు.

"ఉన్నది అయ్యగారూ" అంది ఆంటీ. "ఐస్‌లాండుల మనోళ్లకు సీట్లెన్ని వస్తయో తెలుస్తలేదు. ప్రార్థన చెయ్యుండ్రి."

పాస్టరుగారు నిజంగానే ప్రార్థన చేసి వెళ్లారు.

ఈస్టరు ముందు ఆయనతో కలిసి సమాధుల తోటకు వెళ్లడం నాకు ఇష్టంగా ఉండేది. సున్నం డబ్బా, బ్రష్షు పట్టుకుని గీత దాటి నడుచుకుంటూ పోయేవాళ్లం. నాన్నగారి సమాధికి సున్నం వేసి, డబ్బాలో మిగిలిన సున్నం పక్కనున్న ఖాళీ నేల చుట్టూ ఉన్న రాళ్లకు పూసేవారు. ఒకసారి ఆ ఖాళీలో వెల్లకిలా పడుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని, "కాళ్లు బయటికి వస్తున్నయా చూడమ్మా" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు, కొంచెం భయమూ వేసింది. "సరిపోయింది అంకుల్, లేవండి" అన్నాను. లేవలేదు. ఆకాశం చూస్తూ, "మా నాయిన పక్కన పండుకుంటే నిద్ర మంచిగ పట్టేది, చిన్నప్పుడు" అన్నారు. ఆయన ఎప్పుడూ అంత నెమ్మదిగా మాట్లాడగా వినలేదు నేను.

ఆ ఊరి చర్చి సంఘపెద్ద ఆయన చిన్ననాటి జతగాడే. ఆ రోజు అటుగా వచ్చి, పడుకున్న మనిషిని చూసి తల కొట్టుకున్నాడు.

"లెవ్వురా. కమిటీ వద్దన్నది గదా. జాగా లేదు."

"జాగా లేదన్నది సరే. అడిగిండ్రా?"

"ఎవల్ని?"

"సంఘాన్ని. ఆడోళ్లు, మొగోళ్లు, అందర్ని. కమిటీ నిన్నడిగింది, నువ్వు కమిటీని అడిగినవ్. మరి జనాన్ని ఎవరు అడిగిండ్రు?"

"సచ్చినంక యాడ పండుకోవాల్నో ఓట్లు పెడ్తర్రా ఎవరన్న?"

"సచ్చినంక నేను అడగలేను గదరా. అందుకే ఇప్పుడు అడుగుతున్న."

సంఘపెద్ద చెయ్యి పట్టి ఆయన్ని లేపాడు. చివరికి ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆ చర్చిలో చేతులెత్తించారు. లెక్కపెట్టడానికి నన్ను తీసుకెళ్లారు. సరిహద్దు అవతలికి ఎలక్షన్ కమిషన్‌గా వెళ్లడం నాకదే మొదలు. బయటివాళ్లను కూడా పెట్టనిద్దాం అన్నవాళ్లు కొద్ది చేతుల తేడాతో ఓడిపోయారు. వ్యతిరేకమన్నవాళ్లలో ఒక ముసలామె లేచి, "నా కొడుక్కు పక్కన నాకు జాగా ఉండాలె గదయ్యా" అంది. ఆయన చేతులు జోడించి, "నిజమేనమ్మా" అన్నారు.

బయటికొచ్చి సెంటర్లో జిలేబీ కొన్నారు. తిరిగి చర్చి దగ్గరికి వెళ్లి తనను ఓడించినవాళ్లకు ఒక్కొక్కరికీ పంచారు. ముసలామెకు రెండు ఇచ్చారు. "అడిగిండ్రు గదా, చాలు" అన్నారు. ఇంటికొచ్చాక విషయం తెలిసి ఆంటీ ఆయన చేతిలోని పొట్లం లాక్కుంది. తర్వాత నాతో, "ఓడిపోయి మిఠాయి పంచినోన్ని గీయన్నే చూసిన" అంది. కోపంగానే అంది గానీ, మిగిలిన జిలేబీ కొంగులో దాచి కండక్టరు పిల్లలకు తనే పెట్టింది.

అంతకుముందు, చర్చి నుంచి వస్తూ వస్తూ దారిలో ఆయన నన్నొక మాట అడిగారు. "మళ్ల అడగొచ్చా అమ్మా? ఒకసారి ఓడిపోయినంక?"

నా సివిక్స్ పుస్తకంలో సమాధుల గురించి ఏమీ లేదు. తోచింది చెప్పాను. "మళ్లీ అడగొచ్చా అని ముందు వాళ్లనే అడగాలి అంకుల్."

రోడ్డు మధ్యలో ఆగిపోయారు. వెనక ఆటో హారన్ కొడుతోంది. ముఖమంతా వెలిగిపోయింది. "గదే. మనోళ్లు చేస్తున్నది గదే. చేరుదమా అని కాదు, చేరే మాట మళ్ల మొదలుపెట్టుదమా అని అడుగుదమంటున్నరు. నువ్వు పుట్టుకతోనే మన పార్టీ అమ్మా." ఆటోవాడు తిట్టి పక్కనుంచి పోయాడు.

ఆ తర్వాత ఆయన పని అదే. సాయంత్రాలు గీత దాటి వెళ్లడం, ఒక్కో ఇంట్లో కూర్చోవడం, "ఒప్పిచ్చేటందుకు రాలేదు, మళ్ల అడుగుదమా అని అడిగేటందుకు వచ్చిన" అనడం, చక్కెర వేసిన టీ తాగడం. ఆ టీల సంగతి ఆంటీకి తెలియదనుకునేవారు. ఆమెకు తెలుసు. వర్షాకాలం పోయి చలి మొదలైంది. సంఘపెద్ద విసిగి, సరే, పత్తి ఏరుడు అయ్యాక వచ్చే ఆదివారం మళ్లీ అడుగుదాం అన్నాడు. ఆయన ఆ ఆదివారం కోసం మఫ్లర్ ఉతికించి ఆరేశారు.

ఆ ఆదివారానికి ముందు ఒక పొద్దున మోటారు వేయడానికి లేచి, స్విచ్ దగ్గరే కూలిపోయారు. కండక్టరు ఆటో తెచ్చాడు. దవాఖానాకు చేరేలోపే అయిపోయింది.

ఇంటి ముందు షామియానా వేశారు. ఎక్కడ పెట్టాలన్న మాట ఎవరూ ఎత్తడం లేదు. ఈ పక్క చర్చికీ ఒక తోట ఉంది, అందులో జాగా కూడా ఉంది. పాస్టరుగారు ఆ మాటే మెల్లగా అనబోతుంటే సంఘపెద్ద వచ్చాడు. చిన్ననాటి జతగాడి నుదుటి మీద చెయ్యి పెట్టాడు. "మా తోటకే తీసుకరాండ్రి" అన్నాడు. "నేను చెప్తున్న. ఎవడు కాదంటడో చూస్త."

కండక్టరు ఏడుస్తూనే అడ్డం పడ్డాడు. "అట్ల వద్దు పెద్దాయనా. అడగకుంట పెడితే అంకుల్ లేచి కూసుంటడు."

జనం ఏడుపులోనే నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తర్వాత ఏడుపు ఇంకా ఎక్కువైంది.

పెట్టె మూసేముందు ఆంటీ లోపలికి వెళ్లి మఫ్లర్ తెచ్చింది. మెడ చుట్టూ తనే చుట్టింది. "కింద సల్లగుంటది" అంది, తనలో తనే అనుకున్నట్టు.

గీత దాటి నడిచాం. సమాధుల తోట గేటు దగ్గర రెండు బల్లలు కలిపి వేసి పెట్టెను దించారు. ఆ ఊరి సంఘం అంతా వచ్చింది. చేతులకు పత్తి చేల గీతలతో ఆడవాళ్లు పని మధ్యలో వచ్చారు. సంఘపెద్ద పెట్టె పక్కన నిలబడి, "ఈయన్ని మన తోటల, వాళ్ల నాయిన పక్కన పెట్టుకుందమా? ఇష్టమున్నోళ్లు చెయ్యెత్తుండ్రి" అన్నాడు. నా వైపు చూసి, "లెక్కపెట్టమ్మా" అన్నాడు.

శవాన్ని ముందు పెట్టుకుని ఓటడగడం ఏ నియమావళీ ఒప్పదు. ఆయనైతే అసలే ఒప్పుకునేవారు కాదు. అయినా చేతులు లేచాయి. జిలేబీ తిన్న చేతులు, టీ ఇచ్చిన చేతులు. కొడుకు పక్కన జాగా కావాలన్న ముసలామె అందరికంటే ముందు ఎత్తింది. లెక్కపెట్టాల్సిన అవసరం లేకపోయింది. ఎత్తని చెయ్యి లేదు.

సంఘపెద్ద ఆగిపోయాడు. అందరూ ఎత్తితే చెల్లదన్న సంగతి అతనికీ తెలుసు. "వ్యతిరేకం... ఎవరన్న ఉన్నరా?" అని అడిగాడు, అడగక తప్పదు గనక. నేను కండక్టరు వైపు చూశాను. అలవాటుగా అది అతని వంతే. అతను తల అడ్డంగా ఊపి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

అప్పుడు పెట్టె పక్కన నేల మీద కూర్చున్న ఆంటీ చెయ్యెత్తింది.

గరిటె లేని చెయ్యి. మోచేతిదాకా గాజులు జారాయి. ఆమె ఎవరినీ చూడడం లేదు, మఫ్లర్‌తో సహా మూసేసిన పెట్టె వైపే చూస్తోంది.

రెండో నియమం ఒకటి ఉంది గదా. సంఘపెద్ద ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఎందుకు చెల్లెమ్మా?" అన్నాడు.

"పోయేముందు నన్నడిగిండా?" అంది ఆంటీ.

ఆయన నియమం ప్రకారం ఆమె చెప్పేది పూర్తిగా వినాలి గనక, ఇంకేమైనా అంటుందేమోనని అందరం ఆగాం. చెప్పింది అంతే. ఇక ఫలితం చెప్పాల్సింది నేనే. "అనుకూలం అందరూ. వ్యతిరేకం ఒకటి" అన్నాను. ఓటు చెల్లింది. నలుగురు పెట్టెను ఎత్తి గేటులోంచి లోపలికి తీసుకెళ్లారు. సున్నం పూసిన రాళ్ల మధ్య దాన్ని దించి మట్టి వేయడం అయ్యేదాకా, ఆంటీ ఎత్తిన చెయ్యి దించలేదు.